ఐదో సబ్జెక్టు

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఊళ్లలో ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్లు ముందు బడి చూస్తారు. ఆ వీధి ఏ ఎలిమెంటరీ స్కూలు కిందికి వస్తుందో తేలాకే సింహద్వారం ఎటుందన్న మాట. అలాంటి చోట, మూడో తరగతి ముగించిన కొడుకును బడి మాన్పించి తానే చదివిస్తానని ఒక తల్లి అంటే, ఆరు నెలలకని వచ్చిన తాతగారికి నిద్ర పట్టదు. ఈ వాదన ఈమధ్య చాలా ఇళ్లలో నడుస్తోంది. అక్కడ విన్న మాటల్ని ఇద్దరి నోట పెట్టి రాస్తున్నాను. తండ్రి తెనాలి దగ్గరి పల్లెలో జిల్లా పరిషత్ హైస్కూలు లెక్కల మేష్టారుగా రిటైరయ్యాడు. కూతురు భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చి, పని చేసుకునే అనుమతి దొరికాక ఇంటినుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తోంది. ఇద్దరికీ పిల్లాడంటే ప్రాణం.

తండ్రి: బడి బాగుందనే కదమ్మా ఈ ఇల్లు కొన్నారు? ఇంటిపన్నులో పెద్ద వాటా బడికే పోతుందని అల్లుడే చెప్పాడు. పన్ను కట్టి, పిల్లాణ్ణి మాత్రం ఇంట్లో కూర్చోబెట్టుకుంటారా?

కూతురు: పన్ను పిల్లల్లేనివాళ్లూ కడతారు నాన్నా. బడి చెడ్డదని నేననట్లేదు, వీడికి సరిపోలేదంటున్నాను. ఏడాదంతా చూశాను. లెక్కలు పది నిమిషాల్లో చేసేస్తాడు, మిగతా టైమంతా క్రోమ్‌బుక్‌లో ఏదో ఆడుకుంటాడు. చదవడం మాత్రం మెల్లిగా చదువుతాడు. వీడు పేజీ ముగించేలోపు క్లాసు ముందుకెళ్లిపోతుంది. మూడో తరగతి నుంచి రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలు మొదలు. వాటి ప్రాక్టీసు మొదలయ్యాక ఇంక వేరే చదువు లేదు. ఆదివారం రాత్రయితే కడుపునొప్పి అంటాడు. డాక్టరు చూసి కడుపులో ఏమీ లేదన్నారు.

తండ్రి: నా క్లాసులో అరవైమంది ఉండేవాళ్లు. ఇక్కడ నాలుగో తరగతి దాకా 22 మందికి మించకూడదని చట్టమే ఉందన్నావు. అంత తక్కువమంది ఉన్నచోట టీచరుతో మాట్లాడి సరిచేసుకోలేమా?

కూతురు: మాట్లాడాను. ఆవిడ మంచిది, శ్రద్ధగా విన్నది. కానీ ఆవిడకి మిగతా పిల్లలూ ఉన్నారు. మే నెలకల్లా ఎక్కడికి చేరాలో పైనుంచి రాసిచ్చేశారు. ఆవిడ తప్పేమీ లేదు.

తండ్రి: సరే. మాన్పించాలంటే ఎవరి అనుమతి కావాలి? డీఈవో లాంటివాళ్లు ఉంటారుగా?

కూతురు: ఎవరి అనుమతీ అక్కర్లేదు. బడికి ఒక ఉత్తరం రాస్తే చాలు. ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నామని, కోర్టు చెప్పిన ఐదు సబ్జెక్టులూ చెబుతామని. చదవడం, స్పెల్లింగు, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం.

తండ్రి: సైన్సేదీ?

కూతురు: ఆ జాబితాలో లేదు. నేనెలాగూ చెబుతాను.

తండ్రి: నువ్వు చెబుతావు. చెప్పనివాళ్లను అడిగేదెవరు? పరీక్ష ఎవరు పెడతారు? ఇన్‌స్పెక్షనుకు ఎవరొస్తారు?

కూతురు: ఎవరూ రారు. పరీక్ష లేదు.

తండ్రి: ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్షన్లకు రికార్డులు రాసినవాణ్ణి. నా మనవడి చదువును అడిగే దిక్కే లేదంటే నాకు భయమేస్తోందమ్మా.

కూతురు: ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు నాన్నా. 1980ల మొదట్లో టెక్సస్ విద్యాశాఖ, ఇల్లు బడి కాదు పొమ్మంది. తల్లిదండ్రుల మీద కేసులు పెట్టారు. 1985లో లీపర్ కుటుంబం, మరికొందరు కలిసి ఆర్లింగ్టన్ స్కూల్ డిస్ట్రిక్టు మీద దావా వేశారు. 1915లో హాజరు తప్పనిసరి చేసిన చట్టం ప్రైవేటు బడి పిల్లలను మినహాయించింది, అప్పట్లో ఇంట్లో చదివే పిల్లల్నీ ఆ లెక్కలోనే చూశారు అన్నది వాళ్ల వాదన. 1987లో కింది కోర్టు ఒప్పుకుంది, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అంతకుముందు 1925లోనే, ఒరెగాన్ కేసులో, పిల్లలందర్నీ ప్రభుత్వ బడికే పంపాలని బలవంతం చేయకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

తండ్రి: ఆ ఒరెగాన్ కేసు వేసిందెవరు?

కూతురు: సిస్టర్లు నడిపే ఒక సంస్థ, ఒక మిలిటరీ అకాడమీ.

తండ్రి: అంటే బడులే వేశాయి. ఆ తీర్పు బడిని బడిగా బతకనిచ్చింది. ఇంటి సంగతి వేరు.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఇద్దరూ ఒకే చరిత్రను చెరో చివర పట్టుకున్నారు. అమెరికాలో బడి హాజరును మొదట తప్పనిసరి చేసింది మసాచుసెట్స్, 1852లో. చివరగా మిసిసిపి, 1918లో. బడి అందరిదీ అయ్యాక దాన్నుంచి బయటికి నడిచినవాళ్లు రెండు దిక్కులనుంచి వచ్చారు. ఒకవైపు జాన్ హోల్ట్. క్లాసు గదిలో పిల్లలు భయంతో ఎలా మొద్దుబారిపోతారో 1964లో పుస్తకం రాసిన టీచరు, 1977లో బడి లేకుండా పెరిగే పిల్లల కోసం పత్రికే పెట్టాడు. మరోవైపు తమ మతవిశ్వాసం ప్రకారం పిల్లల్ని పెంచుకోవాలనుకున్న క్రైస్తవ కుటుంబాలు. 1983లో పుట్టిన హోమ్ స్కూల్ లీగల్ డిఫెన్స్ అసోసియేషన్ వాళ్ల తరఫున కోర్టుల చుట్టూ తిరిగింది. 1990ల తొలినాళ్లకల్లా యాభై రాష్ట్రాల్లోనూ ఇంటిచదువు చట్టబద్ధమైంది. 1999లో ఎనిమిదిన్నర లక్షలున్న పిల్లలు 2016కి సుమారు 17 లక్షలయ్యారు. కోవిడ్ ఏడాది సెన్సస్ బ్యూరో సర్వేలో, బడి వయసు పిల్లలున్న ఇళ్లలో ఇంటిచదువు చెప్పేవి వసంతంలో 5.4 శాతం ఉంటే శరత్తుకు 11.1 శాతమయ్యాయి. ఆసియా కుటుంబాల్లో 4.9 నుంచి 8.8కి పెరిగాయి. మన ఇళ్లలో ఈ మాట వినబడ్డం అప్పట్నుంచే ఎక్కువైంది: వంటింటి బల్ల మీద జూమ్ క్లాసు నడుస్తుంటే, బడిలో ఏం జరుగుతుందో తల్లులు మొదటిసారి కళ్లారా చూశారు.

తండ్రి: ఆ ఐదో సబ్జెక్టు ఏమన్నావు?

కూతురు: మంచి పౌరసత్వం.

తండ్రి: దాన్ని ఇంట్లో ఎలా చెబుతావు? లెక్కలు నువ్వు చెప్పగలవు, నేనూ చెప్పగలను. పౌరుడు కావడమంటే తనలా లేనివాడి పక్కన కూర్చోవడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఇష్టంలేని టీచరు దగ్గర కూడా నేర్చుకోవడం. దీనికి సిలబసు ఏది?

కూతురు: వాడు గదిలో ఒంటరిగా కూర్చోడు నాన్నా. పొద్దున రెండున్నర గంటలు చదువు. మంగళవారం కో-ఆప్: ఏడెనిమిది కుటుంబాల పిల్లలు కలుస్తారు, ఒక అమ్మ సైన్సు ప్రయోగాలు చేయిస్తుంది, ఒక నాన్న చెస్ నేర్పుతాడు. సాయంత్రం సాకర్. శనాదివారాలు మనబడి తెలుగు క్లాసు, హనుమాన్ గుడి.

తండ్రి: ఆ కో-ఆప్‌లో ఎవరెవరున్నారు?

కూతురు: మూడు తెలుగు కుటుంబాలు, రెండు తమిళం, ఒక గుజరాతీ, ఇద్దరు అమెరికన్లు.

తండ్రి: అందరి నాన్నలూ కంప్యూటర్ ఉద్యోగాలేనా?

కూతురు: దాదాపు.

తండ్రి: మరి బడిలో వాడి పక్కన ఎవరు కూర్చుంటారు? మొన్న వాడే చెప్పాడు. ఒకడి నాన్న ఇళ్లకు కప్పులు వేస్తాడట, ఇంకొకడి వాళ్లమ్మ రాత్రి డ్యూటీ నర్సట. ఆ కప్పులు వేసేవాళ్లబ్బాయి వీడికి స్పానిష్‌లో అంకెలు నేర్పాడు. నువ్వు ఎంచి ఎంచి పెట్టే స్నేహాల్లో ఆ పిల్లాడు దొరకడు.

కూతురు: (కొంచెం ఆగి) అది నిజమే. కానీ అదే బడిలో లైట్లార్పి, తలుపేసి, బల్లల కింద దాక్కునే డ్రిల్లు చేయిస్తారు నాన్నా. 2022 మే 24న యువాల్డీ బడిలో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలూ ఇద్దరు టీచర్లూ చనిపోయారు. అది మన రాష్ట్రమే. ఆ రోజు సాయంత్రం పికప్ లైన్లో ఏ తల్లీ మాట్లాడలేదు. ఈ భయాన్ని మీరు క్లాసులో ఎప్పుడూ ఎరగరు.

తండ్రి: ఎరగను. ఆ భయానికి నా దగ్గర జవాబు లేదు. కానీ నువ్వు చెప్పిన కారణాల్లో ఇది మొదటిది కాదు. మొదట చెప్పింది కడుపునొప్పి. దానిగురించే మాట్లాడుకుందాం.

కూతురు: అయితే మనవాళ్ల సంగతే చెబుతాను. ఇంటిచదువు అమెరికా వాళ్ల వింత కాదు. సీమలో పిల్లలకు మునరోలప్ప అని పేరు పెట్టుకున్న ఆ మన్రో, మద్రాసు గవర్నరుగా 1822లో చదువుల లెక్క తీయించాడు. మద్రాసు పట్నంలో ఇళ్లలో చదివే పిల్లలు బడికెళ్లేవాళ్లకంటే ఐదు రెట్లకు పైగా ఉన్నారని తేలింది. 1826లో ఆయనే రాశాడు.

తండ్రి: ఆ లెక్క మీద ఆయనే అనుమానపడ్డాడు, అదీ రాశాడు. పోనీ నిజమే అనుకో. ఎవరి ఇళ్లమ్మా అవి? అయ్యవారిని పెట్టుకోగలిగిన ఇళ్లు, తండ్రికే అక్షరమొచ్చిన ఇళ్లు. మన ఇల్లు ఆ లెక్కలో లేదు. ఆడపిల్లలూ లేనట్టే. వాళ్లను గడప దాటించి బడికి తేవడానికే వీరేశలింగంగారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. నూటయాభై ఏళ్లు తిట్లు తిని, తన్నులు తిని జనం బడి దాకా వచ్చారు.

కూతురు: ఆ మాట నిజం కాబట్టే...

తండ్రి: ఆగు, చెప్పనీ. మా నాన్న కౌలుకు చేసేవాడు. ఐదో తరగతి అయ్యాక నన్ను గేదెల వెంట పంపాలనుకున్నాడు. చెడ్డవాడు కాడు, నీకు నీ కొడుకెంతో ఆయనకు నేనంతే. కానీ నాకు లెక్కలొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు, తెలిసే దారీ లేదు. మా ఎలిమెంటరీ స్కూలు మేష్టారు ఒకరోజు సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చుని, వీణ్ణి హైస్కూల్లో వెయ్యాల్సిందేనని చీకటి పడేదాకా మా నాన్నతో వాదించాడు. ఆయన మా చుట్టం కాదు, మా కులం కాదు. బడిలో రోజూ నన్ను చూసినవాడు, అంతే. ఇల్లు చూడలేనిది పరాయివాడు చూశాడు. నీ కొడుకును చూసే పరాయివాణ్ణి నువ్వు ఎక్కణ్ణుంచి తెస్తావు?

కూతురు: పరాయివాళ్లు చూస్తారనే మీరు నన్ను ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. తెల్లవారుజామున లేపి, రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్స్. ప్రతి వారం ర్యాంకుల పట్టిక గోడ మీద. ఎంసెట్ ర్యాంకొచ్చింది, ఇంజనీరింగు సీటొచ్చింది, ఈ దేశమూ వచ్చింది. ఆ రెండేళ్లూ నన్ను ఎవరు చూశారు నాన్నా? నా హాల్ టికెట్ నంబరును చూశారు. మా గదిలో ఒకమ్మాయి మూణ్ణెల్లు సరిగా తినలేదు. వార్డెనుకు తెలియలేదు, లెక్చరర్లకు తెలియలేదు. పక్క మంచం మీద ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది. బడి అని పేరుండగానే కళ్లుండవు. మీ అలమారలో చలం ‘బిడ్డల శిక్షణ’ ఉండేది. స్కూళ్ల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేసినాయన రాసిన పుస్తకమది. ఆ కాలేజీ సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు చదివాను.

తండ్రి: ఆ రెండేళ్ల గురించి నువ్వు ఇంత మాట ఎప్పుడూ అనలేదు.

కూతురు: మీరు ఫీజు కట్టడానికి చేసిన అప్పు నాకు తెలుసు. ఎలా అంటాను?

తండ్రి: సరేనమ్మా. ఆ కాలేజీని నేను వెనకేసుకు రాను. కానీ దానికి విరుగుడు తలుపులు వేసుకోవడమంటే ఒప్పుకోలేను. కాలిఫోర్నియాలో, పెర్రిస్ అనే ఊళ్లో, 2018లో బయటపడిన కేసు టీవీలో చూశాను. 13 మంది పిల్లలు. కట్టేశారు, కడుపు మాడ్చారు. పదిహేడేళ్ల పిల్ల కిటికీలోంచి తప్పించుకుని పోలీసులకు ఫోను చేస్తేగానీ లోకానికి తెలియలేదు. ఆ ఇంటిని తండ్రి ప్రైవేటు బడిగా నమోదు చేశాడు. కాగితాల మీద ఆయనే ప్రిన్సిపాలు.

కూతురు: నన్ను వాళ్లతో పోలుస్తున్నారా?

తండ్రి: లేదు తల్లీ. నీకిచ్చిన చట్టమూ వాళ్లకిచ్చిన చట్టమూ ఒకటే అంటున్నాను. నీ మంచితనం మీద నడిచే చట్టం అది.

తాతగారి ఈ మాట దగ్గర నా మొగ్గు దాచుకోను. హార్వర్డ్ లా ప్రొఫెసర్ ఎలిజబెత్ బార్తొలెట్ 2020లో, తగిన కారణం చూపినవాళ్లకు తప్ప ఇంటిచదువును నిషేధించాలని రాసింది. నేనంత దూరం వెళ్లలేను. అలా నిషేధిస్తే ఆదివారం కడుపునొప్పి పిల్లాడికి దారి మూసుకుపోతుంది. కానీ ఇంట్లో చదివి పెద్దయినవాళ్లే 2013లో ఒక సంస్థ పెట్టి, కనీసం పిల్లల పేర్లయినా నమోదు చేయండి, ఏడాదికోసారి ఎవరైనా చూడండి అని అడుగుతున్నారు. ఆ బాల్యం గడిపినవాళ్లు అడుగుతున్నది కాబట్టి వినాలి. ఇల్లినాయ్‌లో 2025లో అలాంటి బిల్లే వస్తే వేలమంది తల్లిదండ్రులు రాజధానికి వచ్చి అడ్డుకున్నారు. అది గట్టెక్కలేదు.

కూతురు: ఇంట్లో చదివినవాళ్లు వెనకబడిపోరు నాన్నా. 2000లో నేషనల్ స్పెల్లింగ్ బీ గెలిచిన జార్జ్ థాంపీ ఇంటిచదువు పిల్లాడే, మలయాళీ కుటుంబం. ఆ ఏడాదే జాగ్రఫీ బీలో రెండోవాడు. 2021లో గెలిచిన జైలా అవాంట్-గార్డ్ కూడా అంతే.

తండ్రి: గెలిచినవాళ్ల పేర్లు పేపర్లో వస్తాయి. మిగతావాళ్ల సంగతి ఎక్కడ రాస్తారు? పరీక్ష రాయడానికి ఇష్టపడినవాళ్ల మార్కులతో సగటు కడితే అది సగటు కాదు. ఈ మాట తొమ్మిదో తరగతికి చెప్పేవాణ్ణి.

కూతురు: పరిశోధకులూ అదే అన్నారు లెండి. కన్జ్‌మన్, గేథర్ అని ఇద్దరు 2013లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించారు. తల్లిదండ్రుల చదువు, స్థితీ లెక్కలోకి తీసుకుంటే తేడా పెద్దగా మిగలదు. భాషలో కొంచెం ముందుంటారు, లెక్కల్లో కొంచెం వెనకబడతారు.

తండ్రి: లెక్కల్లోనా! మరి నువ్వు?

కూతురు: అందుకే మీ దగ్గర మొదలుపెట్టాను.

తండ్రి: నాకు నవంబరులో తిరుగు టికెట్టుంది. ఇంకో సంగతి. నీ ఉద్యోగం?

కూతురు: మానేస్తాను. రెండేళ్లు.

తండ్రి: ఇదే నాకు మింగుడుపడనిది. అల్లుడెందుకు మానడు?

కూతురు: ఆయన వీసా మీదే కదా మా అందరి బతుకూ. ఆయన ఉద్యోగం పోతే ఇల్లూ లేదు, నా పర్మిటూ లేదు.

తండ్రి: హెచ్-4 ఆడవాళ్లకు పని చేసే అనుమతి రావడానికి 2015 దాకా పట్టిందని నువ్వే చెప్పావు. అప్పటిదాకా ఇంట్లో కూర్చుని ఎంత ఏడ్చావో మీ అమ్మకు తెలుసు. ఇప్పుడు నీ అంతట నువ్వే వదిలేస్తానంటున్నావు. ఇంటిచదువు అంటారుగానీ, ఏ ఇంట్లో చూసినా అది ఆడమనిషి జీతం లేకుండా చేసే చాకిరీ. టెక్సస్ వాళ్లు డబ్బులేమైనా ఇస్తారా?

కూతురు: 2025లో చట్టం చేశారు. 2026-27 నుంచి, ఎంపికైతే ఇంటిచదువు పిల్లాడికి ఏడాదికి 2,000 డాలర్ల దాకా. పుస్తకాలకు సరిపోతుంది. నా జీతానికి సరిపోదు. అది తెలిసే నిర్ణయం తీసుకున్నాను నాన్నా. రెండేళ్ల జీతం మళ్లీ సంపాదించుకోగలను. తొమ్మిదేళ్ల వయసు వాడికి మళ్లీ రాదు.

తండ్రి: గ్రీన్‌కార్డు రాక హైదరాబాదు తిరిగొస్తే? టీసీ అడుగుతారు. ఎవరిస్తారు?

కూతురు: ఓపెన్ స్కూల్ ఉంది కదా. ఎన్‌ఐఓఎస్ వాళ్లకు మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన పరీక్షలున్నాయి. ఆ తర్వాత పదో తరగతి. దారి ఉంది.

తండ్రి: వాణ్ణి అడిగారా అసలు?

కూతురు: అడిగాం. కడుపునొప్పి రాదు కదా అన్నాడు. తర్వాత, లంచ్ టేబుల్ దగ్గర తన చోట ఎవరు కూర్చుంటారు అనడిగాడు.

తండ్రి: రెండూ రాసిపెట్టుకో. వేరే రాష్ట్రాల్లో ఎలా ఉందమ్మా ఇది?

కూతురు: న్యూజెర్సీలో టెక్సస్ లాగే, ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెన్సిల్వేనియాలో ఏడాదంతా చేసిన పని ఫైలు చేసి, అర్హత ఉన్నవాళ్లకు చూపించాలి. న్యూయార్క్‌లో ముందే సబ్జెక్టులవారీగా ప్రణాళిక ఇవ్వాలి, ఏడాదికి నాలుగు రిపోర్టులు, చివర్లో పరీక్షో అసెస్‌మెంటో.

తండ్రి: అయితే నువ్వు టెక్సస్‌లో ఉండి న్యూయార్క్ చట్టం పాటించు.

కూతురు: ఎవరికి ఇవ్వాలి ఆ రిపోర్టులు? మీకా?

తండ్రి: నాకొద్దు, నేను తాతను. వాడు తప్పు చేసినా నాకు ముద్దే. వాడి మీద ప్రేమ లేని మనిషి కావాలి. రిటైరైన టీచరు ఎవరైనా, డబ్బిచ్చి అయినా సరే. మూడు నెలలకోసారి వచ్చి, తలుపు వేసుకుని వాడితో మాట్లాడి, ‘ఇతనికి ఇది రాలేదు’ అని నీ మొహం మీద చెప్పగలిగినవాళ్లు.

కూతురు: అది నేను ఒప్పుకుంటాను. నిజానికి అది నాకూ కావాలి. రోజంతా నేనొక్కదాన్నే చూస్తుంటే నాకేం తప్పిపోతోందో నాకెలా తెలుస్తుంది?

తండ్రి: ఇంకొకటి. ఏమి కనబడితే తిరిగి బడికి పంపుతావో ఇప్పుడే రాయి. తర్వాత రాస్తే మనసు ఒప్పుకోదు.

కూతురు: అది రాయలేను నాన్నా. పిల్లాణ్ణి ఆర్నెల్ల కాంట్రాక్టు మీద పెట్టుకున్నట్టు ఉంటుంది. వాడికి ఆ సంగతి తెలిస్తే, ప్రతి లెక్కా పరీక్షే అవుతుంది. మళ్లీ అదే కడుపునొప్పి.

తండ్రి: వాడికి చెప్పొద్దు. నీకోసం రాయి.

కూతురు: ఒక్కటి రాస్తాను. బడికి వెళ్తానని వాడే అడిగితే, వారంలో చేర్పిస్తాను.

తండ్రి: చాలదు. తొమ్మిదేళ్లవాడు అమ్మ మొహం చూసి అడగకపోవచ్చు.

కూతురు: మీ మొహం చూసి నేను అడగనట్టా?

తండ్రి: అలాగే అనుకో. అందుకే చాలదంటున్నాను. ఆ కప్పులు వేసేవాళ్లబ్బాయిని నెలకు రెండుసార్లయినా ఇంటికి పిలుస్తానని రాయి. వాళ్లింటికి వీణ్ణి పంపుతానని కూడా.

కూతురు: అది రాస్తాను. వాళ్లమ్మ ఫోన్ నంబరు కనుక్కోవాలి. ఇదిగో, బడికి ఇచ్చే ఉత్తరం. మీరొకసారి చూడండి.

తండ్రి: నాలుగు వాక్యాలేనా?

కూతురు: వాడి పేరు, తేదీ, ఐదు సబ్జెక్టులు. చట్టానికి అంతకంటే అక్కర్లేదు.

తండ్రి: చట్టానికి చాలు. ఇంకో కాగితం తియ్యి, సైన్సు దగ్గర మొదలుపెడదాం.